నేల శుద్ధిలో జనం మాటకు చోటెక్కడ? విశాఖ కలుషిత భూములపై ఒక పరిశీలన

సంక్షిప్తంగా

ఫ్యాక్టరీ పెట్టే ముందు చుట్టుపక్కల జనాన్ని అడగాలని చట్టం చెబుతోంది. అదే ఫ్యాక్టరీ మూతపడ్డాక, విషం మిగిలిన నేలను ఏం చేయాలో తేల్చేటప్పుడు బహిరంగ విచారణ తప్పనిసరి కాదు. 2025 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనలు ఈ లోటును కొంత పూడ్చాయి. అయితే మట్టి నమూనాలు ఎక్కడ తీయాలి, ఎంత మేరకు శుద్ధి చేస్తే చాలు, తవ్విన మట్టి ఎటు పోవాలి అనే మూడు విషయాలూ జనం దాకా రాకముందే ఖాయమైపోయే వీలుంది. విశాఖలో ఈ ప్రశ్నలు ఏ రూపంలో ఎదురవుతున్నాయో, ఏ దశలో అడిగితే ఫలితం ఉంటుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పరిశ్రమ గోడ దాకా వచ్చిన నగరం

విశాఖలో రిఫైనరీ 1957లో మొదలైంది. కోరమాండల్ ఎరువుల కర్మాగారం 1967లో, మిండి దగ్గర హిందుస్తాన్ జింక్ స్మెల్టరు 1977లో వచ్చాయి. అప్పట్లో వాటి చుట్టూ ఉన్నవి పల్లెలూ పొలాలూ. ఇప్పుడు మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాకల్లో ఇళ్లు పరిశ్రమల ప్రహరీల దాకా వచ్చేశాయి. 2005లో గాజువాక పురపాలక సంఘాన్నీ 32 గ్రామాలనూ కలిపి జీవీఎంసీ (గ్రేటర్ విశాఖ మహానగర పాలక సంస్థ)ని ఏర్పాటు చేయడంతో పారిశ్రామిక ప్రాంతమంతా నగరం లోపలికే వచ్చింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కగట్టిన సమగ్ర కాలుష్య సూచీలో విశాఖకు 70.82 పాయింట్లు వచ్చాయి. 70 దాటితే తీవ్ర కలుషిత ప్రాంతం కింద లెక్క. 2010 జనవరిలో అలాంటి ప్రాంతాలన్నిటిలో కొత్త ప్రాజెక్టుల పర్యావరణ అనుమతులపై తాత్కాలిక నిషేధం పడింది.

ఆ సూచీ గాలి, నీరు, నేల మూడింటినీ చూసింది. ఆ తర్వాత జరిగిన చర్చ మాత్రం ఎక్కువగా గాలి చుట్టూనే తిరిగింది. కారణం తెలిసిందే: మేడ మీద ఆరేసిన బట్టలపై బొగ్గు దుమ్ము కంటికి కనిపిస్తుంది, మట్టిలోని కాడ్మియం వంటి విష లోహం కనిపించదు. నేల సంగతి తెర మీదికి వచ్చేది స్థలం చేతులు మారేటప్పుడు, లేదా వాడకం మారేటప్పుడు. జింక్ స్మెల్టరు 2012లో మూతపడింది. నగరం నడిబొడ్డుకు చేరిన అలాంటి స్థలాల మీద యజమాని, ప్రభుత్వం, బిల్డరు, స్థానికులు అందరి చూపూ ఉంటుంది. జింకు, సీసం ఖనిజాలను శుద్ధి చేసే పరిశ్రమల్లో జారోసైట్ అనే పసుపుపచ్చ వ్యర్థంతో పాటు సీసం, కాడ్మియం అవశేషాలు మిగలడం ఆ ప్రక్రియలోనే ఉంది. కాబట్టి ఇలాంటి చోట ‘ఇంతకీ నేల ఎలా ఉంది’ అన్న ప్రశ్న ప్లాను గీయకముందే రావాలి.

అన్ని కాలుష్యాలూ ఒకటి కావు

ఆర్ఆర్ వెంకటాపురంలో 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ నుంచి లీకై 12 మంది ప్రాణాలు తీసిన స్టైరీన్ త్వరగా ఆవిరయ్యే పదార్థం. మట్టిలో మిగిలినది కూడా సూక్ష్మజీవుల వల్ల క్రమంగా విరిగిపోతుంది. అక్కడ నేలనూ నీటినీ పరీక్షించాల్సిన అసలు సమయం తొలి వారాలు, నెలలు. సీసం, కాడ్మియం అలా కాదు. అవి మూలకాలు, విరిగిపోవడమన్నది ఉండదు. యాభై ఏళ్ల కింద పోసిన చోటే ఉంటాయి, లేదా నీటితో కదులుతాయి. మట్టి ఆమ్లగుణంలోకి జారితే కాడ్మియం, జింకు తేలిగ్గా కరిగి కిందికి దిగుతాయి. సీసం మట్టి రేణువులను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి దాని ముప్పు ఎక్కువగా దుమ్ము రూపంలో, ఆడుకునే పిల్లల చేతుల మీదుగా వస్తుంది.

విశాఖ భూగర్భం ఇందులో మరో చిక్కు. నగరం కింద ఎక్కువ భాగం ఖోండలైట్ శిల. పైన శిథిలమైన మట్టి పొర, దాని కింద పగుళ్లున్న గట్టి రాయి. పైపొరలో నీరు నెమ్మదిగా ఊరుతుంది, రాతిలో పగులు ఎటు పోతే అటు పరుగెడుతుంది. అందుకే కంపెనీ గోడ పక్కనే ఉన్న నుయ్యి బాగుండి, అర కిలోమీటరు అవతలి బోరు పాడవడం అసాధ్యమేమీ కాదు. ‘ప్రభావిత ప్రాంతం’ అంటే స్థలం చుట్టూ కాంపస్‌తో గీసిన వలయం అనుకుంటే లెక్క తప్పుతుంది. పారిశ్రామిక ప్రాంతపు నీరు మేహాద్రిగెడ్డ మీదుగా లోపలి హార్బరుకు చేరుతుంది కాబట్టి గెడ్డ దిగువన ఉన్నవాళ్లూ ఈ లెక్కలోకి రావాలి.

2025 నిబంధనలు ఏం తెచ్చాయి

పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు ప్రకటించింది. అంతకుముందు ఇలాంటి స్థలాలకు ప్రత్యేక చట్టబద్ధ విధానమే లేదు. దేశంలో 103 కలుషిత స్థలాలను గుర్తిస్తే అప్పటికి ఏడింట మాత్రమే శుద్ధి పని మొదలైంది.

కొత్త విధానంలో మొదటి అడుగు స్థానిక సంస్థది లేదా జిల్లా యంత్రాంగానిది. అనుమానం ఉన్న స్థలాల జాబితాను ఆరు నెలలకోసారి ఇవ్వాలి. విశాఖ వరకు ఆ బాధ్యత జీవీఎంసీ, కలెక్టరేట్‌లదన్నమాట. సమాచారం అందిన 90 రోజుల్లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాథమిక అంచనా వేయాలి. ఆ తర్వాత మరో మూడు నెలల్లో సమగ్ర సర్వే చేసి స్థలం నిజంగా కలుషితమో కాదో తేల్చాలి. కొలమానం 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లోని 189 రసాయనాలు. పరిమితి దాటితే స్థలం వివరాలు బహిరంగపరిచి, అక్కడికి రాకపోకలపై ఆంక్షలు పెట్టాలి. నిపుణుల సంస్థ శుద్ధి ప్రణాళిక రూపొందిస్తుంది. కలుషితం చేసింది ఎవరో మండలి 90 రోజుల్లో గుర్తించాలి, ఖర్చు వాళ్లదే. ఎవరూ దొరకకపోతే, దొరికినా కట్టే స్థితిలో లేకపోతే, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాలు భరిస్తాయి.

జాబితాను ఆన్‌లైన్ పోర్టల్‌లో పెట్టి, ప్రభావితమయ్యే వారి అభిప్రాయాలు ఆహ్వానించే ఏర్పాటూ ఇందులో ఉంది. జనానికి నేరుగా దక్కిన చోటు ఇదే. పోర్టల్‌లో అభిప్రాయం రాయడానికీ కలెక్టరు ముందు నిలబడి ప్రశ్నించడానికీ చాలా తేడా ఉంది. మొదటిదానికి ఎవరూ ఎదురుగా జవాబు చెప్పనక్కర్లేదు.

రెండు లోపాలు వెంటనే కనిపిస్తాయి. గుర్తింపు దశలకు గడువులున్నాయి కానీ, శుద్ధి ఎప్పటికి పూర్తి కావాలో గడువు లేదు. ఇక రేడియోధార్మిక వ్యర్థాలు, గనుల పని, సముద్రంలో చమురు కాలుష్యం, డంపింగ్ యార్డుల్లోని ఘన వ్యర్థాలు ఈ నిబంధనల పరిధిలోకి రావు, వాటికి వేరే చట్టాలున్నాయన్నది కారణం. వాటితో కలిసి ఉన్న ప్రమాదకర రసాయనం పరిమితి దాటితే మాత్రం ఇవే వర్తిస్తాయి. నగరం చెత్త యార్డు ఉన్న కాపులుప్పాడ విషయంలో ఈ మినహాయింపు ముఖ్యం.

పుట్టేటప్పుడు విచారణ, పోయాక మౌనం

2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణకు పక్కా పద్ధతి ఉంది. సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. ముసాయిదా నివేదికను కలెక్టరేట్, జిల్లా పరిషత్ లేదా నగరపాలక సంస్థ, పరిశ్రమల కేంద్రం వంటి చోట్ల అందుబాటులో ఉంచాలి. సారాంశం తెలుగులోనూ ఉండాలి. కలెక్టరు లేదా అదనపు కలెక్టరు హోదాకు తగ్గని అధికారి అధ్యక్షత వహిస్తారు. సభంతా వీడియో తీస్తారు. చివర్లో జనం చెప్పిన అంశాల సారాంశాన్ని స్థానిక భాషలో అక్కడే చదివి వినిపించాలి. కోరం అంటూ లేదు, పది మంది వచ్చినా సభ సభే.

ఆచరణలో ఈ సభల మీద విమర్శలు చాలా ఉన్నాయి. వందల పేజీల నివేదిక ఇంగ్లిషులో ఉంటుంది, తెలుగు సారాంశం కొద్ది పేజీలు. పగటి పూట సభ అంటే కూలి పోతుంది. మైకు ఎక్కువసేపు ఎవరి చేతిలో ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. అయినా అడిగిన ప్రశ్న వీడియోలో రికార్డవుతుంది, కంపెనీ దానికి రాతపూర్వకంగా జవాబివ్వాలి, అది తుది నివేదికలో చేరాలి. తర్వాత కోర్టుకెక్కితే ఆధారంగా పనికొస్తుంది.

శుద్ధి పనికి ఇవేవీ లేవు. పర్యావరణ అనుమతి కావాల్సిన ప్రాజెక్టుల షెడ్యూలులో కలుషిత భూమి శుద్ధి అనే పద్దే లేదు. పోనీ, శుద్ధి అయిన స్థలంలో పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయం వస్తోందనుకుంటే, 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణానికి పర్యావరణ అనుమతి అవసరమే. కానీ నిర్మాణాలు, టౌన్‌షిప్‌లన్నీ ఉండే ఎనిమిదో పద్దుకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. ఖాళీ స్థలంలో కట్టే ఇళ్లను దృష్టిలో పెట్టుకుని ఇచ్చిన సడలింపు అది. పాత స్మెల్టరు స్థలానికీ అదే వర్తిస్తుంది. ఫలితంగా రెండు దశలు, ఒకటి విషం తీయడం, రెండోది దాని మీద ఇళ్లు కట్టడం, బహిరంగ సభ లేకుండానే గడిచిపోవచ్చు.

అసలు నిర్ణయం జరిగే మొదటి చోటు: నమూనా

ప్రణాళిక బయటికి వచ్చాక అభ్యంతరం చెప్పడం ఆలస్యమే. ఎందుకంటే ప్రణాళికలోని ప్రతి అంకె అంతకుముందు తీసిన మట్టి నమూనాల మీద ఆధారపడి ఉంటుంది. పదెకరాల స్థలం దాదాపు 40,500 చదరపు మీటర్లు. 50 మీటర్లకో గడి గీసి నమూనా తీస్తే సుమారు 16 చోట్ల తవ్వుతారు, 25 మీటర్లకైతే 65 చోట్ల. ఆ స్థలంలో ఎప్పుడో 20 మీటర్ల వెడల్పున్న గుండ్రటి గొయ్యిలో వ్యర్థం పూడ్చారనుకుందాం. 50 మీటర్ల గడిలో ఆ గొయ్యి దొరికే అవకాశం ఎనిమిదింట ఒకటి. 25 మీటర్ల గడిలోనూ సగానికి సగమే. దొరకకపోతే నివేదికలో ‘ఆ స్థలం శుభ్రం’ అని వస్తుంది, అందులో అబద్ధమేమీ ఉండదు.

గొయ్యి ఎక్కడుందో తెలిసినవాళ్లు సాధారణంగా ఆ ఊళ్లోనే ఉంటారు. పాత షిఫ్టు కార్మికులు, కాంట్రాక్టు లోడింగు కూలీలు, వానాకాలంలో నీళ్లు ఏ రంగులో పారేవో చూసినవాళ్లు, పశువులు ఏ మడుగు నీళ్లు తాగి జబ్బుపడ్డాయో గుర్తున్నవాళ్లు. వాళ్లతో కూర్చుని స్థలం మ్యాపు మీద గుర్తులు పెట్టించడానికి ఒకటి రెండు రోజులు చాలు. గడి ప్రకారం తీసే నమూనాలకు తోడు ఆ గుర్తుల దగ్గర కూడా తీస్తే, అదనంగా వందల నమూనాల ఖర్చు తప్పుతుంది. జనభాగస్వామ్యాన్ని మర్యాద కోసం చేసే తంతుగా చూసేవాళ్లకు అంతుపట్టని సంగతి ఇది: ఈ దశలో అది శుద్ధ సాంకేతిక అవసరం.

నమూనాల్లో మరో రెండు మెలికలున్నాయి. ఒకటి, ఖర్చు తగ్గించడానికి ఐదు చోట్ల మట్టి కలిపి ఒకే పరీక్ష చేయడం. నాలుగు చోట్ల సీసం కిలోకు 50 మిల్లీగ్రాములు, ఒక చోట 1,000 ఉంటే సగటు 240. పరిమితి 400 అనుకుంటే మొత్తం పాసైనట్టే. కాబట్టి ‘కలిపిన నమూనాలా, విడివిడివా’ అని అడగడం తప్పనిసరి. రెండోది, రిపోర్టుల్లో తరచూ కనిపించే ‘బీడీఎల్’ అనే మాట. దానర్థం ఆ పదార్థం లేదని కాదు, యంత్రం పట్టగలిగిన కనిష్ఠ స్థాయి కన్నా తక్కువని. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాడ్మియం లీటరుకు 0.003 మిల్లీగ్రాములు దాటకూడదు. యంత్రం కనిష్ఠంగా 0.01 మాత్రమే పట్టగలిగితే, బీడీఎల్ వచ్చిన నీటిలో పరిమితికి మూడు రెట్ల దాకా కాడ్మియం ఉండొచ్చు. రిపోర్టులో బీడీఎల్ పక్కనే ఆ కనిష్ఠ స్థాయి అంకె వేశారో లేదో చూడాలి.

నీటి నమూనాలు ఒక్కసారి తీస్తే చాలదు. విశాఖకు నైరుతి వానలతో పాటు అక్టోబరు, నవంబరు తుపాన్ల వానా ఉంటుంది. భూగర్భ జలం ఎండాకాలం చివర ఒకలా, తుపాను తర్వాత మరోలా ఉంటుంది. మే నెలలో తీసిన ఒకే విడత నమూనాతో ముగించిన నివేదికను వెనక్కి పంపాలని కోరడానికి అదొక్కటే తగిన కారణం.

రెండో చోటు: ఎంత శుభ్రమైతే చాలు

ఎంత విషం మిగిలినా ఫరవాలేదన్న అంకెను విజ్ఞానం ఒక్కటే తేల్చలేదు. ఆ నేల మీద ఎవరుంటారు, ఏం చేస్తారు అన్నదాన్ని బట్టి అది మారుతుంది. ఇళ్ల స్థలమైతే చిన్నపిల్లలు రోజుకు 100 నుంచి 200 మిల్లీగ్రాముల మట్టి తెలియకుండా మింగుతారని లెక్కలో పెట్టుకుంటారు. గోదాము అయితే ఆ లెక్కే ఉండదు, పరిమితి సడలుతుంది, ఖర్చు బాగా తగ్గుతుంది. అందుకే ‘ప్రస్తుత వాడకం: పారిశ్రామిక’ అని ప్రణాళికలో రాసి శుద్ధి ముగించి, కొన్నాళ్లకు మాస్టర్ ప్లానులో వాడకం మార్పు తెచ్చుకుంటే సడలించిన అంకె ఇళ్ల కింద మిగిలిపోతుంది. శుద్ధి లక్ష్యాన్ని ఒప్పుకునేది కాలుష్య నియంత్రణ మండలి. వాడకం మార్పు నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ, పురపాలక శాఖల పని. ఈ రెండు ఫైళ్లూ ఒకదాన్నొకటి చూసుకునేలా చేయడం స్థానికులు పట్టుబట్టాల్సిన డిమాండు.

కొడైకెనాల్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 2001లో మూతపడిన థర్మామీటర్ల ఫ్యాక్టరీ స్థలంలో పాదరసం లక్ష్యాన్ని కిలో మట్టికి 20 మిల్లీగ్రాములుగా పెట్టడం మీద ఏళ్ల తరబడి వివాదం నడిచింది. అడవికీ వాగుకూ పైన ఉన్న కొండవాలులో ఆ అంకె చాలదన్నది స్థానికుల వాదన. అంతకంటే తగ్గించాలంటే చెట్లు, పైమట్టి ఎక్కువగా తీసేయాలి, వాలు కోతకు గురవుతుందన్నది ఎదుటి వాదన. రెండింటిలోనూ పస ఉంది. అంకె ఖాయం కాకముందే ఆ బేరీజు బహిరంగంగా జరిగి ఉంటే పని మొదలుకావడానికి అంతకాలం పట్టేది కాదు.

మూడో చోటు: తవ్విన మట్టి ఎటు

‘మొత్తం తవ్వి పట్టుకుపొండి’ అనేది జనం నుంచి మొదట వినిపించే డిమాండు. అది అన్నిసార్లూ మేలైన దారి కాదు. ఒక ఎకరంలో మీటరు లోతు తవ్వితే 4,047 ఘనపు మీటర్ల మట్టి వస్తుంది. ఘనపు మీటరుకు 1.6 టన్నుల లెక్కన దాదాపు 6,500 టన్నులు. పది టైర్ల టిప్పరు ట్రిప్పుకు 16–18 టన్నులు మోస్తుందనుకుంటే 360 నుంచి 400 ట్రిప్పులు. తవ్విన మట్టి పొంగి 20–25 శాతం ఎక్కువ చోటు తీసుకుంటుంది. సీసమున్న మట్టి ఎండాకాలంలో తవ్వితే ఇన్నాళ్లూ కదలకుండా పడున్న దుమ్ము రోడ్డు పొడవునా లేస్తుంది. టార్పాలిన్ కట్టడం, బయటికొచ్చే ముందు చక్రాలు కడగడం, ఆ కడిగిన నీటిని విడిగా పట్టడం, గోడ అంచున గాలి నమూనాలు తీయడం టెండరు షరతుల్లో ఉండాలి. ఇందులో మొదట ఎగిరిపోయేది చక్రాలు కడగడమే, ఎందుకంటే ప్రతి ట్రిప్పు నుంచీ కొన్ని నిమిషాలు తినేస్తుంది, కాంట్రాక్టరుకు డబ్బులు ట్రిప్పు లెక్కన వస్తాయి.

తవ్వకుండా చేసే పద్ధతులూ ఉన్నాయి. సున్నం, సిమెంటు, ఫాస్ఫేట్ కలిపి లోహాలు కదలకుండా బిగించవచ్చు. లేదా బంకమట్టి పొర, దాని మీద 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు, నీరు పారే కంకర పొర, పైన మట్టి వేసి కప్పవచ్చు. ఖర్చు, దుమ్ము తక్కువ. విషం మాత్రం అక్కడే ఉంటుంది. షీటు అతుకులు సరిగా వేయకపోయినా, లోతుకు పోయే వేళ్ల చెట్లు నాటినా, ఎవరైనా స్తంభం పాతినా కప్పుకు చిల్లు పడుతుంది. కాబట్టి కప్పడానికి ఒప్పుకోవాలంటే దాన్ని దశాబ్దాల పాటు కాపలా కాసేందుకు డబ్బు ముందే డిపాజిట్ చేయించడం షరతుగా పెట్టాలి.

తవ్వినదాన్ని పంపితే చేరేది ప్రమాదకర వ్యర్థాల శుద్ధి, నిల్వ కేంద్రానికి. ఈ ప్రాంతానికి అది పరవాడ ఫార్మాసిటీలో ఉంది. 2022లో జిల్లాలు విడిపోయాక పరవాడ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. అంటే విశాఖ వార్డులో శుద్ధి నిర్ణయం, మరో జిల్లాలో దాని భారం. ఫార్మాసిటీని ఆనుకున్న తాడి గ్రామస్థులు తమను వేరే చోటికి తరలించాలని ఏళ్లుగా అడుగుతున్నారు. మట్టి పంపే చోట సంప్రదింపులు జరిపి, దించుకునే చోట జరపకపోతే ఏమవుతుందో మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్ చూపించింది. భోపాల్ యూనియన్ కార్బైడ్ ఆవరణలోని 337 టన్నుల వ్యర్థాన్ని 2025 జనవరిలో దహనం కోసం అక్కడికి తరలించగానే జనం రోడ్డెక్కారు. నిరసనలో ఇద్దరు ఒంటికి నిప్పంటించుకున్నారు. ఆ తర్వాత గానీ ప్రజలకు వివరించే ప్రయత్నం, కోర్టు పర్యవేక్షణలో విడతలవారీ ప్రయోగ దహనాలు జరగలేదు. మొత్తం దహనం ఆ ఏడాది జూన్ చివరికి ముగిసింది. తరలింపుకు ముందే ప్రయోగ ఫలితాలను పీథంపూర్‌లో జనం ముందు పెట్టి ఉంటే ఆ గొడవలో చాలా భాగం తప్పేదేమో.

కాపులుప్పాడ: చెత్త నుంచి వచ్చే ‘మంచి మట్టి’

నగరం చెత్తంతా చేరిన కాపులుప్పాడ యార్డులో పాత గుట్టల బయోమైనింగ్ వేరే దారిలో నడిచే వ్యవహారం. పద్ధతి ఇది: గుట్టను రెండు మూడు మీటర్ల ఎత్తు వరుసలుగా పరిచి, సూక్ష్మజీవుల ద్రావణం చల్లి, వారానికోసారి తిరగేస్తారు. కొన్ని వారాలకు వేడి తగ్గి ఆరాక తిరిగే జల్లెడల్లో వేస్తారు. ప్లాస్టిక్, గుడ్డలు సిమెంటు కొలిమికి ఇంధనంగా, రాళ్లు పూడికకు, మెత్తటి భాగం ‘మంచి మట్టి’గా బయటికొస్తాయి. వానాకాలంలో తడి చెత్త జల్లెడ కళ్లకు అతుక్కుపోయి పని ఆగిపోతుంది. తొందరపడి నడిపితే మట్టిలో ప్లాస్టిక్ ముక్కలు కలిసిపోతాయి.

పత్రికల్లో వచ్చే వివరాలు సాధారణంగా ఎన్ని టన్నులు తీశారన్న దాకానే ఉంటాయి. జనం అడగాల్సింది ఆ మెత్తటి భాగం ఎక్కడికి పోయిందని. బ్యాటరీలు, ట్యూబులైట్లు, పెయింటు డబ్బాలు కలిసిన గుట్ట నుంచి వచ్చిన మట్టిలో లోహాలు ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని పరీక్షించకుండా లోతట్టు స్థలం మెరక చేయడానికి వాడితే ఒక చోటి కాలుష్యం పది చోట్లకు చేరుతుంది. ప్రతి లాటుకు లోహాల పరీక్ష, వే బ్రిడ్జి చీటీ, దించిన చోటు వివరం కలిపి వార్డు సచివాలయంలో అంటిస్తే ఈ లెక్క ఎవరైనా సరిచూడవచ్చు. అనుమతించిన దానికి మించి లోహాలున్నట్టు తేలితే 2025 నిబంధనల పరిధిలోకి తేవాలని కోరే వీలూ ఉంది.

ఊరు వార్డయితే పోయేది

పల్లెకు గ్రామసభ ఉంటుంది. ఊరు నగరంలో కలిశాక అది పోతుంది. దాని స్థానంలో రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణ మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న నగరాలకు వార్డు కమిటీలను నిర్దేశించింది. అవి గ్రామసభలా ఓటర్లందరూ కూర్చునే వేదికలు కావు. పైగా జీవీఎంసీలో 2012 నుంచి 2021 మార్చి దాకా ఎన్నికైన పాలకవర్గమే లేదు, ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. 2020 మేలో గ్యాస్ లీకైన రోజున వెంకటాపురం వాసులకు నిలదీయడానికి కార్పొరేటరు కూడా లేడు. ఆ ఘటనలో జాతీయ హరిత ట్రిబ్యునల్ కంపెనీ చేత 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయించింది. పునరుద్ధరణ ప్రణాళిక తయారీని కేంద్ర, రాష్ట్ర అధికారుల కమిటీకి అప్పగించింది.

అమెరికాలో 1980 నాటి సూపర్‌ఫండ్ చట్టం కింద శుద్ధి పద్ధతిని తొమ్మిది కొలమానాలతో బేరీజు వేస్తారు. స్థానిక సమాజం అంగీకారం వాటిలో ఒకటి, అయితే వరుసలో చివరిది. ప్రతిపాదిత ప్రణాళికపై కనీసం 30 రోజులు అభిప్రాయాలు తీసుకుంటారు. ఇక్కడ అనుసరించదగింది అక్కడి సాంకేతిక సాయం గ్రాంటు. స్థానిక సంఘానికి మొదటి విడతగా 50,000 డాలర్ల దాకా ఇస్తారు, ఆ డబ్బుతో సంఘం సొంతంగా నిపుణుడిని పెట్టుకుని నివేదికలు చదివించుకుంటుంది. కంపెనీకి కన్సల్టెంటు ఉండి, మండలికి శాస్త్రవేత్తలు ఉండి, జనానికి మాత్రం ఇంగ్లిషు నివేదిక మిగిలే పరిస్థితికి ఇది నేరుగా మందు. విశాఖలో విశ్వవిద్యాలయాల రసాయన, భూగర్భ శాస్త్ర విభాగాలు ఉన్నాయి కాబట్టి అంత డబ్బు కూడా అవసరపడదు.

ఉన్న చట్టాలతో చేయగలిగింది

అనుమానిత జాబితా ఇవ్వాల్సింది జీవీఎంసీ లేదా కలెక్టరు కాబట్టి, సర్వే నంబరు, హద్దులు, ఫొటోలు, పాత వాడకం వివరాలతో ఫిర్యాదు అక్కడే ఇవ్వాలి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే నంబరు వస్తుంది. సమాచార హక్కు దరఖాస్తుకు రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైస్థాయిలో 10. ‘కాలుష్యం వివరాలు ఇవ్వండి’ అంటే రెండు లైన్ల జవాబొస్తుంది. నమూనా స్థానాల మ్యాపు, లోతు, ప్రతి నమూనా ల్యాబు రిపోర్టు, కనిష్ఠ గుర్తింపు స్థాయి, ల్యాబుకు ఎన్ఏబీఎల్ (ప్రయోగశాలలను మదింపు చేసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న పరీక్షల జాబితా అని విడివిడిగా అడగాలి. గడువు 30 రోజులు.

హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే కాలపరిమితి గమనించాలి. 14వ సెక్షన్ కింద వివాదానికి ఆరు నెలలు, 15వ సెక్షన్ కింద పరిహారం, పర్యావరణ పునరుద్ధరణ కోరడానికి ఐదేళ్లు. తగిన కారణం చూపితే రెండింటికీ మరో 60 రోజులు. ఏపీ కేసులు చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం పరిధిలోకి వస్తాయి. పాత కాలుష్యానికి ‘కారణం ఎప్పుడు పుట్టింది’ అన్నదే మొదటి గొడవ అవుతుంది. ల్యాబు రిపోర్టు చేతికొచ్చిన తేదీని రుజువు చేసే రసీదులు, కవర్లు దాచుకోవాల్సింది అందుకే.

ఇక ముందు ఈ ప్రభావం ఎక్కువగా కనిపించేది రిజిస్ట్రేషన్ల దగ్గర. ప్లాటు కొనేవాళ్లు ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీయించుకుంటారు. అందులో అమ్మకాలు, తనఖాలు కనిపిస్తాయి తప్ప, మట్టి కింద ఏముందో కనిపించదు. నిషేధిత ఆస్తుల కోసం 22-ఏ జాబితా పద్ధతి సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లో ఇప్పటికే నడుస్తోంది. కలుషితంగా తేలిన సర్వే నంబర్లకూ, కప్పు వేసి వదిలిన స్థలాలకూ అలాంటి నమోదు ఉంటే, పదేళ్ల తర్వాత అక్కడ బోరు వేయబోయేవాళ్లకు కాగితం మీదే విషయం తెలుస్తుంది. శుద్ధి ప్రణాళికపై అభిప్రాయాలు అడిగినప్పుడు విశాఖ కాలనీ సంఘాలు రాతపూర్వకంగా చేర్చదగిన మొదటి షరతు ఇదే. రెండోది, పరిశీలక బావుల (భూగర్భ జలాన్ని పరీక్షించేందుకు తవ్వినవి) నీటి ఫలితాలను ఏటా వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వార్డు సచివాలయం బోర్డు మీద తెలుగులో పెట్టడం.